ఒక్క బకెట్‌లో

ఆకుపచ్చ బకెట్‌ను వదినతో ల్యాబ్‌లో పనిచేసే అతను మా తార్నాక ఇంటి గుమ్మంలో దించేసరికే లోపల పురుగులు ఒకదాన్నొకటి కొరుక్కుని ముక్కలై ఉన్నాయి. మొన్న వదిన ఇల్లు మారుతూ, ఎప్పుడో ల్యాబ్ నుంచి తెచ్చి అటక మీద పడేసిన గాజు గొట్టాల్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తుంటే ఆ మధ్యాహ్నపు వాసన మళ్లీ ముక్కుకి తగిలింది. ఉప్పు, బురద, టియర్ గ్యాస్.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరిన రోజులు. మేం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. నేను పత్రికలో బంద్‌ల వార్తలు దిద్దుతుండేవాణ్ని. వదిన యూనివర్సిటీ క్యాంపస్‌లో సముద్రపు పురుగుల మీద పరిశోధన చేసేది. సముద్రం లేని ఊళ్లో ఇదేం చదువని అన్నయ్య వేళాకోళం చేసేవాడు. గోదావరి సముద్రంలో కలిసేచోట బురదలో బొరియలు చేసుకుని బతికే పురుగులవి, చూడ్డానికి జెర్రి పోలిక. జీవితంలో ఒక్కసారే సంతానం. ఆ వేళ దగ్గరపడితే కళ్లు పెద్దవవుతాయి, కాళ్లు తెడ్లలా మారతాయి. బొరియ వదిలి పైకి ఈది, గుడ్లు విడిచి చచ్చిపోతాయి. అది ఏ నెలలో, ఏ పున్నమికి, ఏ అమావాస్యకి జరుగుతుందో చూడటమే వదిన పని. ఆ అదను తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఆమె పరిశోధన గడువులో ఆ ఏడాది లేదు.

తన బొరియలో రెండోదాన్ని ఆ పురుగు సహించదు. అందుకే ఒక్కోదానికి ఒక్కో గాజు గొట్టం. పక్క బల్ల దగ్గర పనిచేసే అతను, నల్గొండ వైపు రైతు కుటుంబంవాడు, ఆ సంగతి వినగానే నవ్వాడట. "జూడక్కా, పురుగులకు గూడ తెలుసు. ఎవరి ఇల్లు వాళ్లకే ఉండాలె." వదినా నవ్వింది. ఇంటికొచ్చి మాకు చెబుతూ మళ్లీ నవ్వింది.

పురుగుల కళ్లు పెరగడం మొదలైన వారమే క్యాంపస్‌లోకి పోలీసులు దిగారు, తార్నాక వైపు గేటు మూసేశారు. నువ్వు రాకక్కా, నేను చూస్కుంట అని అతనే ఫోన్ చేశాడు. తర్వాత ల్యాబ్‌కి కరెంటు పోయింది, గాలి పంపులు ఆగిపోయాయి. గొట్టాల ట్రేతో పరిగెత్తడం కుదరక అన్నిటినీ ఒకే బకెట్‌లో వంపి, క్యాంపస్‌ని ఆనుకున్న మాణికేశ్వర్ నగర్ సందుల్లోంచి తెచ్చాడు.

వదిన నీళ్లలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసింది.

"విడిగా ఉంచాలని నీకు తెలీదా?"

"తెలుసక్కా. గాడనే ఇడిస్తె గాలాడక సస్తయి. లాఠీలు పడుతుంటె ట్రే ఎట్ల తేవాలె?"

"మా పని పాడైతే మీవాళ్లకి సంతోషమేగా."

"బకెట్ హాస్టల్‌దక్కా. మల్ల ఇయ్యాలె," అన్నాడతను.

వదిన దాన్ని కాలవలో బోర్లించి అతని ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అతను ఎడమచేత్తో అందుకున్నాడు. కుడి మణికట్టు ఉబ్బి, నల్లగా కమిలి ఉంది.

మళ్లీ మా ఇంటికి రాలేదు. వదిన చెరువు నత్తల మీద పట్టా తెచ్చుకుంది. రాష్ట్రం వచ్చింది. అతను ఏదో జిల్లా కాలేజీలో పాఠాలు చెబుతున్నాడని విన్నాం. కాలం అన్నిటినీ సర్దుతుందని మా పత్రికలవాళ్లం రాస్తూనే ఉంటాం. ఆ పురుగులు ఏ అమావాస్యకి పైకి తేలేవో వదినకి ఇప్పటికీ తెలీదు.