ఇంకో రెండ్రోజుల కేశవరావు

కాలిఫోర్నియాలో, లివర్‌మోర్ కొండదారిలో ఫోన్‌లో తెలుగు మాట్లాడుకుంటూ నడుస్తుంటే పక్కన పికప్ ట్రక్కు ఆగింది. కిటికీలోంచి ఒక నల్ల ద్రాక్షపండు నా చేతికొచ్చింది.

"గింజతో సహా కొరకండి. ఎలా ఉంది?"

"బాగానే పండిందండీ."

"ఊహూఁ. ఇంకో రెండ్రోజులు."

ఏదీ తయారైందని ఒప్పుకోని కేశవరావు నాకు దొరికింది అలాగే. నేను చాలా దేశాలు తిరిగాను. ఇన్ని వాయిదాలు కోర్టుల్లో కూడా చూడలేదు. తాళి కట్టమన్నప్పుడు కూడా పురోహితుడికి ఇదే చెప్పాడని ఆయన భార్య మీనాక్షి గారి ఆరోపణ.

అప్పటినుంచి ప్రతి సెప్టెంబరూ కోతలప్పుడు నా మకాం వాళ్ల ద్రాక్షతోటలోనే. వైన్ కూడా అక్కడే చేస్తారు. ఎర్ర వైన్‌కి ఆ ఎరుపు తొక్కల్లోంచి వస్తుంది. అందుకే రసాన్ని తొక్కలతోనే పులియబెట్టి, పైకి తేలినవాటిని రోజుకు మూడుసార్లు కిందికి అదుముతారు. పని నడిపేది కూతురు భవిత.

"ఇక పిండేద్దామా నాన్నా?"

"ఇంకో రెండ్రోజులు."

పీపాల్లో ఏడాదిన్నర నిలవున్న వైన్‌ని సీసాల్లో పోద్దామన్నా అదే జవాబు.

పోయినేడు శుక్రవారం వాన అన్నారు. పండిన గుత్తులు తడిస్తే బూజు పట్టి ఏడాది కష్టం మట్టిపాలు. భవిత బుధ, గురువారాలకి కోతవాళ్లని బుక్ చేసింది. బుధవారం పొద్దున ఎనిమిదైనా ఒక్కరూ రాలేదు. కేశవరావు తీరిగ్గా గింజ నములుతున్నాడు.

"ఇంకో రెండ్రోజులు ఆగొచ్చులే."

"రెండ్రోజులకి వాన నాన్నా! పళ్లలో షుగర్ నిన్ననే చెక్ చేశా, సరిపోయింది. మొండితనానికీ లిమిట్ ఉంటుంది!" అంటూ కోతవాళ్ల మేస్త్రీకి ఫోన్ కొట్టింది.

"మేం మార్గరెట్ గారి తోటలో ఉన్నాం," అన్నాడతను. "మీ నాన్నగారే పంపారు. ఇవాళ వాళ్లది, రేపు మీది."

మార్గరెట్ పక్కతోట పెద్దావిడ. భర్త తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆవిడకి కోతవాళ్లు దొరకలేదు.

భవిత ఫోన్ పెట్టేసి తండ్రి వైపు తిరిగింది. "నాకు చెప్పొచ్చుగా?"

"వద్దంటావేమోనని."

"అంటానా?"

కేశవరావు గడ్డం గోక్కున్నాడు.

"మనది రేపొక్కరోజులో ఎలా అవుతుంది మరి?"

"ఇవాళ వాళ్లకి మనం సాయం పడితే మధ్యాహ్నానికే మన తోటకి వచ్చేస్తారు."

భవిత షెడ్డులోంచి రెండు కత్తెరలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది. "అంకుల్, మీరూ పదండి."

ఇద్దరం తిరిగి చూసేసరికి కేశవరావు అక్కడ లేడు. ఖాళీ తొట్టి నెత్తిన పెట్టుకుని, వెళ్లొస్తానన్న మాటైనా లేకుండా, సాళ్ల మధ్య నుంచి మార్గరెట్ కంచె వైపు చకచకా పోతున్నాడు.

"నాన్నా, టిఫినైనా తినలేదు!" అని అరిచింది భవిత.

వెనక్కి తిరగలేదు.