సుగుణక్క పొలం హ్యాండోవర్

నిన్న మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా నర్సాపురం నుంచి ఫోన్. సెలవు మీద ఇంటికెళ్ళిన మా సుగుణక్క ఇక లేదట. హార్ట్ ఎటాక్.

"ఏ సుగుణక్క?" అని అడిగాను.

నాకు ఉన్నది ఒక్క సుగుణక్కే.

ఇక్కడ సౌదీలో, జుబైల్‌లో మా నర్సుల హాస్టల్‌కి పెద్ద దిక్కు. ఐసీయూలో అందరికంటే సీనియర్. రూమ్‌కి రాగానే కంట్రోలర్ పట్టుకుని, వీడియో గేమ్‌లో టమాటా మొక్కలకి నీళ్ళు పోసే యాభై ఏళ్ళ మనిషి.

నవ్వకండి. ఆ పొలమే నన్ను బతికించింది.

ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది వరసగా నా పేషెంట్లు పోయారు. డ్యూటీకి వెళ్ళడం, వచ్చి గోడవైపు తిరిగి పడుకోవడం. తిండి లేదు. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని కాదు. బతకాలని లేదు, అంతే.

అక్క ఓదార్చలేదు. దుప్పటి లాగేసింది.

"లెగవే. నేను డ్యూటీకి పోతన్నాను. హ్యాండోవర్ తీసుకో."

"దేనికక్కా?"

"పొలానికి! ఆవుకి మేతేశాను, కోళ్ళకి వెయ్యలేదు. టమాటాలు ఎండినియ్యనుకో, నీ మీద ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసేత్తాను!"

వార్డులో పేషెంట్లని అప్పగించినట్టే అప్పగించింది. రూల్ కూడా అదే. అవతలి మనిషి "తీసుకున్నాను" అనేదాకా అప్పగించినవాళ్ళు కదలకూడదు.

కింద డ్యూటీ బస్సు హారన్ మీద హారన్. అక్క చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

కదలదే!

"తీసుకున్నాను తల్లీ, వెళ్ళు" అన్నాను విసుగ్గా.

మాటిచ్చాను కదా, లేచాను. కోళ్ళకి మేత వేశాను. నీళ్ళు పోస్తే మొక్క పెరిగింది. నా చేతుల్లో ఒక ప్రాణం నిలబడటం చూసి ఎన్నాళ్ళయిందో! ఏడ్చాను. తర్వాత ఆకలేసింది.

కాస్త తేరుకోగానే తనే డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది.

"గేమ్ ఆక్సిజన్ మాస్కే పిల్లా. జబ్బుకి వైద్యం వేరే ఉంటది."

మందులు వేసుకున్నాను. కౌన్సెలింగ్‌కి వెళ్ళాను. పొలానికి మాత్రం ఒక్క పూట డుమ్మా కొట్టలేదు.

ఆ గేమ్‌లో పంటల పోటీ ఉంటుంది. మా గుమ్మడికాయకి ఫస్ట్ ప్రైజ్ వచ్చిన రోజు హాస్టల్ దద్దరిల్లిపోయింది. ఎవరికేమైందోనని వార్డెన్ పరిగెత్తుకొచ్చింది. అక్క నా చెయ్యెత్తి పట్టుకుని ఒకటే కేక.

"మా పిల్ల పండించింది!"

ఆ పిల్ల ఇప్పుడు అదే ఐసీయూలో షిఫ్ట్ మొత్తం నడిపే ఛార్జ్ నర్స్. నా తర్వాత దిగులుతో మంచం పట్టిన ప్రతి కొత్త పిల్లకీ అక్క ఆ పొలాన్నే అప్పగించింది. అందరం లేచాం. అందరం ఉన్నాం.

గెలిచావక్కా. గట్టిగా గెలిచావు.

నిన్న పొద్దున్న మా గ్రూప్‌లో తన వాయిస్ నోట్.

"ఊరొచ్చేముందు పొలంలో కొత్త విత్తనాలేశానే. నేనొచ్చేదాకా చూసుకోండి. తీసుకున్నామని ఒక్కళ్ళన్నా చెప్పండే."

అందరం డ్యూటీల్లో ఉన్నాం. ఎవరూ చెప్పలేదు.

ఈరోజు పొద్దున్నే అందరం టీవీ ముందు చేరాం. మొలకలొచ్చాయి. నీళ్ళు పోశాం. తర్వాత నర్సాపురం దాకా వినపడాలన్నట్టు అందరం ఒకేసారి అరిచాం.

తీసుకున్నాం అక్కా!

ఇక నువ్వు గుమ్మంలో నిలబడక్కర్లేదు. నిశ్చింతగా వెళ్ళు. ఆ ప్రభువు సన్నిధిలో చల్లగా ఉండు.