డిజిటల్ బొమ్మ మీద నా వేలిముద్ర

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మేడ్చల్‌లో ఒక ఆస్పత్రి డార్క్‌రూమ్‌లో పద్దెనిమిదేళ్లు ఫిల్ములు కడిగిన మనిషిని. చీకటికి జడిసేదాన్నైతే మొదటి వారమే మానేసి ఇంట్లో కూర్చునేదాన్ని. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పని రొమ్ము క్యాన్సర్ పరీక్షకు ఎక్స్‌రేలు తీయడం. అప్పట్లో ఫిల్ము మీదే తీసేవాళ్లం. చీకట్లో మందునీళ్లలో కడిగితేనే బొమ్మ కనిపించేది. తడి చేత్తో ఫిల్మును ముట్టుకుంటే వేలిముద్ర పడిపోతుంది. కొత్తగా చేరినవాళ్లను దానికోసమే తిట్టేదాన్ని.

చివరికి ఆ తప్పు నేనే చేశాను. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం నుంచి లచ్చమ్మ అనే ఆమె వచ్చింది. ఎడమవైపు తీసిన ఫిల్ము మీద నా బొటనవేలు అచ్చు పడింది. చిన్నప్పుడు మా ఊరు అత్వెల్లిలో గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి, ఆ వేలికి అడ్డంగా ఒక గీత మిగిలింది. అది కూడా పడింది. డాక్టర్ ఆ ఒక్కటి మళ్లీ తీయమన్నారు. కానీ పెట్టెలో అదే ఆఖరి ఫిల్ము. పది రోజుల్లో డిజిటల్ మిషన్ వస్తోంది కదా అని మేం కొత్త పెట్టె తెప్పించలేదు.

"మళ్ల ఎప్పుడు రావాలె బిడ్డా?" అని అడిగింది లచ్చమ్మ.

"కొత్త మిషన్ రాంగనే నేను ఫోన్ జేస్త అమ్మా" అన్నాను. నంబరు ఫిల్ము కవరు మీద రాసుకున్నాను.

మిషన్ వచ్చింది. ఆ హడావిడిలో పాత ఫిల్ములన్నీ సంచుల్లో కుక్కి, వాటిలోంచి వెండి తీసేవాళ్లకు ఇచ్చేశాం. లచ్చమ్మ కవరూ వాటితోనే పోయింది. రిజిస్టర్లో వెతికితే నంబరు దొరికేదే. తనే వస్తుందిలే అని సరిపెట్టుకున్నాను.

మరుసటి ఏడాది స్వరూప అనే నలభై ఏళ్ల ఆమె పరీక్షకు వచ్చింది. ఇప్పుడు ఫిల్మూ లేదు, నీళ్లూ లేవు. బటన్ నొక్కితే స్క్రీన్ మీద బొమ్మ వస్తుంది. ఎడమవైపు బొమ్మలో ఒక బొటనవేలి ముద్ర, దానికి అడ్డంగా గీత. స్క్రీన్ తుడిచాను, పోలేదు. బొమ్మను పెద్దది చేస్తే ముద్రా పెద్దదైంది. నా వేలు పక్కన పెట్టి చూసుకున్నాను, అచ్చంగా నాదే.

మళ్లీ తీశాను. ఈసారి ముద్ర లేదు. అది ఉన్నచోట చిన్న మచ్చ ఉంది.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని అప్పుడు అడిగాను. ముందే అడగాల్సిన ప్రశ్న అది.

"మా అమ్మకుండె. మొన్న దసరాకు ముందు వోయింది. ఈడనే ఫోటో తీపిచ్చుకున్నది. మేడమ్ ఎవరో ఫోన్ జేస్తనన్నదంట. చెరువు కాడికి వోయినా ఫోన్ కొంగున ముడేసుకునేది. వేరే దవాఖానకు పోదామంటే, ఆ మేడమ్ చెప్పింది గదా, చేస్తదిలే అనేది."

తల్లి పేరు అడిగాను. లచ్చమ్మ.

ఇంజనీరు వచ్చి రోజంతా చూసి, మిషన్లో లోపమేమీ లేదన్నాడు. ఆ ముద్ర అంతకుముందూ, ఆ తర్వాతా మరెవరి బొమ్మలోనూ రాలేదు. ఆ ఒక్క బొమ్మ ఇంకా కంప్యూటర్లో ఉంది. ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

స్వరూపకు తొందరగా ఆపరేషన్ అయింది. బాగుంది. చెకప్‌కు వచ్చినప్పుడల్లా నాకు చేపలు తెస్తుంది. "నువ్వు మళ్ల తీయవట్టే బతికిన అక్కా" అంటుంది.

చేపలు తీసుకుంటాను. ఫోన్ చేయని ఆ మేడమ్ నేనేనని ఇంతవరకూ చెప్పలేదు.