ఇసుకలో పాపెర

మా ఇంటికొచ్చిన వాళ్ళందరూ ముందు ఆ అద్దాల తొట్టిని చూసేవారు, తర్వాత నన్ను అదోలా చూసేవారు. రెండడుగుల తొట్టి, అడుగున నాలుగు వేళ్ళ మందం వాగు ఇసుక, ఒక పెంకు ముక్క, బుడగలు వదిలే చిన్న మోటారు. చేప మాత్రం కనిపించదు. "గీ ఇసుకకు కరెంటెందుకే?" అని పక్కింటామె నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. లోపల పాపెర చేప ఉందనీ, అది పగలంతా ఇసుకలో దూరి ముక్కు మాత్రమే బయటపెడుతుందనీ ఎంతమందికని చెప్పను?

కోరుట్ల అంగట్లో మా ఆయన కూరకని తెచ్చిన చేపల్లో అదొక్కటే ఇంకా బతికి ఉంది. పాములా సన్నగా, జానెడు పొడవు. మరో వారంలో ఆయన దుబాయి పోవాలి. ఏమనిపించిందో, దాన్ని కూరకివ్వకుండా ఎక్కడినుంచో పాత తొట్టి తెచ్చి అందులో వేశాడు. వెళ్ళేరోజు బ్యాగు భుజానికి తగిలించుకుని రెండు మాటలు చెప్పాడు.

"నేనచ్చేదాక దీన్ని సావనియ్యకు. నువ్వు బీడీలు ముట్టకు."

రెండో మాట ఎందుకో నాకు తెలుసు. మా అత్త బతుకంతా బీడీలు చేసి, తగ్గని దగ్గు తెచ్చుకుంది.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వీడియో ఫోన్ చేసేవాడు. నా మొహం చూడకముందే "పాపెరను చూపియ్యి" అనేవాడు. ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాత కంపెనీలో జీతాలు ఆగాయన్నాడు. వచ్చే నెల ఇస్తారట, వచ్చే నెల ఇస్తారట. ఇక నేనూ బీడీల చాట ఒళ్ళో పెట్టుకున్నాను. అత్త జరిగి చోటిచ్చింది. శుక్రవారం ఫోనొచ్చే వేళకు తునికాకు, తంబాకు మంచం కిందికి నెట్టేసేదాన్ని. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. చెప్పలేదు, అంతే.

పాపెర తిండికి పైకి రాదు. మట్టిలో తవ్వి తెచ్చిన ఎర్రను వేళ్ళతో పట్టుకుని చేయి అడుగుదాకా పెడితే, ముక్కుతో తడిమి తడిమి అందుకుంటుంది. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన పని అదే. చాట పక్కన పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుని వెళ్ళేదాన్ని.

ఒక గురువారం పొద్దున అది ఇసుక మీద పక్కకు ఒరిగి పడి ఉంది. మొప్పలు ఎగసిపడుతున్నాయి. రేపు ఆయన చూపించమంటాడు.

"పులుసుకు పనికచ్చేదాన్ని సాదుతున్నవు" అని రోజూ దెప్పే అత్త లేచి వచ్చింది. చేపను చూసింది. నా చేయి పట్టుకుని వాసన చూసింది.

"ఓసి నీ పాడుగాను! గీ తంబాకు చేతులు నీళ్ళల్ల పెట్టినవా? నా కొడుకు పాలు తాగేటప్పుడు బూడిదతోని మూడుసార్లు తోముకోనిదే నేను వాణ్ణి ముట్టకపోదును."

ఇద్దరం చెంబులతో నీళ్ళు తోడిపోశాం. బిందెల్లో నిన్నటినుంచి నిలవున్న నీళ్ళు మెల్లగా నింపాం. సాయంత్రానికి పాపెర కనిపించలేదు. దూరిందో, చచ్చిందో తెలియలేదు. "ఇసుక కెలుకకు" అంది అత్త.

మర్నాడు ఫోనొచ్చింది. "పాపెరను చూపియ్యి." ఇసుకను చూపించాను. "ఏదీ?" అన్నాడు. ఏడుపొచ్చేసింది. బీడీల సంగతి, చేతుల సంగతి మొత్తం చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"నేను గూడ చెప్పలే. కంపెనీ ఇడిసిపెట్టి నాలుగు నెలలాయె. కాయిదాలు లెవ్వు. పోలీసులకు దొరకకుంట తిరుగుతున్న."

నాకు కోపం వచ్చింది. ఇన్ని శుక్రవారాలు నవ్వుతూ మాట్లాడాడు కదా అని. నేనూ నవ్వుతూనే మాట్లాడానని ఆ వెంటనే గుర్తొచ్చింది.

అత్త ఫోన్ తీసుకుని తొట్టికెదురుగా నిలబెట్టింది. బూడిద తెచ్చి నా చేతులు తనే తోమింది. ఎర్రను పట్టుకుని అడుగుదాకా చేయి పెట్టాను. ముగ్గురం ఇసుకనే చూస్తున్నాం. కాసేపటికి పెంకు పక్కన ఇసుక కదిలింది. సన్నటి ముక్కు నా వేలిని తడిమింది.

"అగో!" అన్నాడు ఆయన చిన్నపిల్లాడిలా. తర్వాత గొంతు తగ్గించి, "ఉత్త చేతులతోని ఇంటికస్తే ఏమన్నంటవా?" అన్నాడు.

నా చేయి ఇంకా నీళ్ళలోనే ఉంది. అత్తే జవాబు చెప్పింది.

"గా చేతులు కడుక్కొని కూసో కొడుకా, బువ్వ పెడ్త. రా."