రాతి మీద మచ్చ

అది సాయుధ పోరాటం నాటి మాట. గూడూరు అడవి వాగులో తడిరాతికి చర్మంలా అంటుకొని ఉన్న లివర్‌వర్ట్ అనే పచ్చని మొక్కను, తరగతిలో పిల్లలకు చూపడానికి, చాకుతో పెకలించాను. నాకు బస ఇచ్చిన అవ్వ అది చూసి నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత పని చేస్తివి నాయినా! దళంల ఉన్న నా కొడుకు గీడనే నీళ్లు తాగిపోతడు. రాతి మీద మచ్చ చూస్తే ఎవరో వచ్చిపోతున్నరని పోలీసోళ్లు కాపు కాస్తరు. మేం తుమ్మి చెట్లు తొక్కుకుంటనే వస్తం. అవి మల్ల లేస్తయ్."

నమ్మలేక ఒక తుమ్మిని తొక్కి చూశాను. వేరూ కాండమూ ఉన్న ఆ పూలమొక్క, పూర్తిగా కాకపోయినా, తలెత్తింది. ఆ రెండూ లేని లివర్‌వర్ట్‌ను తిరిగి రాతికి అదిమాను. వేలు తీయగానే జారిపోయింది.

అవ్వ అడవి వైపు చూసింది. "గిప్పుడు రావద్దని వానికెట్ల చెప్పాలె?"