పెద్దమ్మ కూర్చున్న బంతి

తిరుత్తణి దగ్గర మా ఊరి కతోలిక గుడిలో పునీతురాలి బొమ్మ ముందుకు వంగి ఉంటుంది. కలిగిన ఇంట్లో పుట్టి, ఆస్తంతా బీదలకు పంచి, కుష్టు రోగుల పుండ్లు తన చేతులతో కడిగిన తల్లి ఆమె. పాదాల దగ్గర ఒక రోగి చేయి చాచి కూర్చుని ఉంటాడు. పండుగనాడు జనం ఆమెకు పూలమాల వేసి, ఆ రోగి చేతిని కూడా తాకి కళ్ళకద్దుకుంటారు. ఆమె రోగులతో కలిసి కూర్చుని అన్నం తిన్నదని ఫాదర్ ప్రసంగంలో చెబితే అందరం ముక్కులు చీదుతాం. సిమెంటు బొమ్మ కదా, ఎవరికీ భయం లేదు.

మా పెద్దమ్మ చేతిని మాత్రం ఎవరూ తాకరు. వయసులో ఉండగా ఆమెకు అదే జబ్బు వచ్చింది. మందులు మింగితే ఏనాడో నయమైపోయింది, పోయిన వేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. పండుగ పూజ అయ్యాక గుడి ఆవరణలో అందరికీ బంతి భోజనం పెడతారు. ఆమెకు ఇంటికి పొట్లం వస్తుంది. ముసలామెకు నడిచే శ్రమ ఎందుకంటాడు గుడి పెద్ద. ఆ ముసలామె సంతకూ, రేషన్ కొట్టుకూ నడిచే పోతుంది!

ఈ ఏడు ఊరుకోదలచుకోలేదు. తిరువళ్ళూరు కంపెనీలో సెలవు పెట్టి, పొద్దున్నే లోకల్ రైలెక్కి వచ్చాను.

"లే పెద్దమ్మా. బంతిలో కూచుందాం."

"వద్దు మే. నన్ను జూసి ఎవురన్నా లేసిపోతే? ఆ అన్నం నాకు గొంతులో దిగుతాదా?"

"లేస్తే లేసినారు, పో. ఆకు మిగులుతాది."

నా నోటికి ఊళ్ళో ఎటూ మంచి పేరు లేదు. ఆమెను తోడుకుని వెళ్ళి, మొదటి బంతిలోనే కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను. గుడి పెద్ద పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఇంటికి పంపిస్తామని జెప్పినాం గదా?"

"పంపేదుంటే అందరిండ్లకీ పంపన్నా. నేనే మోసుకోనిపోయి ఇస్తా."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. పెద్దమ్మకు అటువైపు కూర్చున్న ఆడమనిషి తన ఆకు తీసుకుని లేచిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోతే పెద్దమ్మ నా మోకాలు నొక్కింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. ఇక పోదామంటుందేమో అనుకున్నాను.

ఆమె లేవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, అరచేత్తో అన్నం కలుపుకుంది.

రసం బకెట్ పట్టుకుని గుడి పెద్దే వచ్చాడు. మొదటిసారి దూరం నుంచే పోశాడు. రెండోసారి ఒక్కొక్కరినీ ఇంకొంచెం కావాలా అని అడుగుతూ వచ్చి, మమ్మల్ని దాటిపోయాడు. పొట్లం తినేవాళ్ళను ఆ మాట ఎవరూ అడగరు.

"ఏం నాయనా!"

బంతి అంతా తిరిగి చూసింది. పిలిచింది నేను కాదు.

"నాకింగా రసం గావాల."

ఆయన వెనక్కు వచ్చాడు. పెద్దమ్మ అన్నం మధ్యలో గుంట చేసి, చేయి దాచుకోకుండా ఆకు పక్కనే ఉంచింది.

"పొయ్యి. నేను సాలు అనేదాకా పొయ్యి."