నాన్న బతికుండగా చేయించుకున్న గుండు

జుట్టున్న రోజులు వేరండి. అద్దం ముందు నిలబడితే పొద్దు ఎలా గడిచేదో తెలిసేది కాదు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. రాజమండ్రిలో ఓ పెద్దాసుపత్రిలో కాగితాలు రాసే ఉద్యోగం, నెత్తి మీద గోదారి గాలికి ఊగే ఉంగరాల జుట్టు. ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. జుట్టు గురించయితే కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి (ఎవరూ అడిగేవారు కాదు, నేనే చెప్పేవాణ్ణి). నర్సులంతా నన్ను జుట్టుబాబు అనేవారు. అది వెక్కిరింపని నాకు ఎవరో చెప్పేదాకా తెలియలేదు, చెప్పాక కూడా నమ్మలేదు.

నేను పనిచేసేది క్యాన్సరొచ్చిన పిల్లల వార్డులో. మూడో అంతస్తు కిటికీలోంచి గోదారి కనపడేది. చలికాలం పొద్దున్నపూట మంచులో వంతెన సగమే కనపడేది, దాని మీద వెళ్ళే రైలు చప్పుడు మాత్రం పూర్తిగా వినపడేది, ఎటు నుంచి ఎటు పోతోందో తెలియక పిల్లలంతా చెవులు రిక్కించి వినేవారు. ఆ కిటికీ పక్క మంచం కలెక్టరమ్మది. తొమ్మిదేళ్ళ పిల్ల, తణుకు దగ్గర పల్లెటూరు. డాక్టర్లొచ్చినా, ఊడ్చే ఆవిడొచ్చినా "ఇంత ఆలస్యమెందుకైంది?" అని విచారణ పెట్టేది కాబట్టి ఆ పేరు. ఒకసారి జబ్బు తగ్గిందని ఇంటికి పంపితే ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది.

మా వార్డు పెద్ద డాక్టరమ్మగారు అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "కొందరు పిల్లలకి మళ్ళీ ఎందుకొస్తోందో మాకు తెలీదు. తెలుసుకోవాలంటే వీళ్ళ రక్తం ఏళ్ళ తరబడి దాచి పరిశోధించాలి. దాచడానికి మన దగ్గర సరైన ఫ్రీజరే లేదు" అన్నారు ఓ రోజు. మామూలు ఫ్రిజ్ కాదండి, మనం ఊహించలేనంత చల్లగా ఉంచేది. ఎక్కడో పెద్ద నగరంలో ఉన్న పరిశోధకులు మమ్మల్నీ కలుపుకుంటామన్నారట, కానీ నెలాఖరులోగా ఆ ఫ్రీజరు మా దగ్గర ఉండాలట. లేకపోతే మన గోదారి పిల్లలు ఆ పరిశోధనలో ఉండరు. ఆ మాట అంటూ ఆవిడ కిటికీ పక్క మంచం వైపు చూశారు, నేనూ చూశాను.

ఎక్కడెక్కడో జనం ఇలాంటి పనికోసం గుండు చేయించుకుని చందాలు పోగుచేస్తారని ఫోన్లో చూసి ఉన్నాను. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో లేచి నిలబడి, "చందాలిస్తే నా జుట్టు ఇచ్చేస్తాను" అని ప్రకటించాను. అందరి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయనుకున్నాను. నీళ్ళు తిరగలేదు సరికదా, ఒకావిడ అక్కడికక్కడే పర్సు తీసింది. ఎప్పుడు, ఎప్పుడు అని రోజూ అడిగి మరీ ఇచ్చారు. నా మీద జనానికి ఇంత అభిమానం ఉందని అప్పుడే తెలిసింది. అయినా ఫ్రీజరు ఖరీదులో సగం దగ్గర చందా ఆగిపోయింది. మిగతా సగానికి వీడియో తీసి అందరికీ పంపాలని, వెనకాల గోదారి, వంతెన, పైన తెల్లారే ఆకాశం ఉండాలని నా ఊహ. సెలూన్లో చేయించుకుంటే గొడవే ఉండేది కాదు, అందం కోసం పోయి రేవుకి వెళ్ళాను.

తెల్లవారుతోంది. నీళ్ళ మీద పొగలాగా మంచు లేస్తోంది. మెట్ల మీద గుండ్లు గీసే పెద్దాయన నా తల తడుపుతూ, ఎంతో మెత్తగా అడిగాడు. "నాన్నగారాండి, అమ్మగారాండి?"

"ఇద్దరూ లక్షణంగా ఉన్నారండి."

"అయితే మొక్కా?"

"కాదండి, క్యాన్సర్ పరిశోధనకి."

ఆయన కత్తి కింద పెట్టేశాడు. తన కత్తి దగ్గరికి ఇన్నాళ్ళూ రెండే కారణాలొచ్చాయని, మూడోది ఎప్పుడూ రాలేదని, తల్లీ తండ్రీ ఉన్నవాడికి రేవులో గుండు గీసి ఆ పాపం నెత్తినేసుకోలేనని అన్నాడు. నేను కలెక్టరమ్మ సంగతీ, ఫ్రీజరు సంగతీ చెప్పాను. "ఆ పాపకీ జుట్టు లేదాండి?" అన్నాడు. లేదన్నాను. "తల గీస్తానండి. మీసం మాత్రం ముట్టను, తండ్రి ఉన్నోరు" అని మళ్ళీ కత్తి అందుకున్నాడు. కత్తి ఎంత చల్లగా ఉందో, ఉంగరాలు ఒక్కొక్కటే ఒళ్ళోకి జారుతుంటే నాకు దిగులుగానూ ఉంది, నిద్రొస్తున్నట్టుగానూ ఉంది. చివర్లో డబ్బులివ్వబోతే తీసుకోలేదు, ఆ ఫ్రీజరుకే ఇచ్చేయమన్నాడు. ఇక వీడియో అంటారా, చెంబుకి ఆనించిన ఫోను మొదట్లోనే వెనక్కి పడిపోయి, ఆద్యంతం ఆకాశాన్ని తీసింది.

అంతా అయిపోయాక తీరిగ్గా టీ తాగుతున్నాను. ఈలోపల కోనసీమలో మా నాన్న చచ్చిపోయారు.

జరిగిందేంటంటే, నాన్నకి వరసకి తమ్ముడయ్యే వార్తలబాబాయి అదే రోజు రాజమండ్రిలో బంధువులింటికొచ్చి, స్నానానికి అదే రేవుకి దిగాడు. వెనకనుంచి నన్ను చూశాడు. ముందుకొచ్చి ఉంటే మీసం కనపడేది, అంతటితో పోయేది. కానీ దుఃఖంలో ఉన్న కుర్రాణ్ణి పలకరించడం మర్యాద కాదనుకుని, వెనకనుంచే ఫొటో తీసి మా ఊరి గ్రూపులో పెట్టాడు. "మన పంతులుగారబ్బాయి, గోదారి ఒడ్డున. నోట మాట రావట్లేదు." నోట మాట రాకపోయినా వేళ్ళు బాగానే పనిచేశాయి. వరసగా ఓం శాంతిలు పడ్డాయి. ఎవరు పోయారన్న అనుమానం ఒక్కరికే వచ్చింది. దానికి ఎదురింటాయన సమాధానం రాశాడు. "అమ్మగారు ఇప్పుడే ముగ్గేస్తున్నారు. పాపం, ఆవిడకింకా తెలిసినట్టు లేదు."

నాన్న ఆ సమయానికి పక్కూళ్ళో సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నారు. మూడో కథలో ఉండగా ఇంటాయన ఫోను చూసుకుని, ఎదురుగా కూర్చున్న నాన్నని చూసి, మళ్ళీ ఫోను చూసుకుని, "పంతులుగారూ, తమరి ఒంట్లో కులాసాగానే ఉందాండీ?" అని అడిగాడట. "నాకేం నాయనా, నువ్వు అక్షింతలు వెయ్యి" అన్నారట నాన్న. పాపం ఆయన ఆ అక్షింతలు దేవుడి మీద వేయాలో నాన్న మీద వేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడట.

నవ్వేస్తున్నాను గానీ, మా ఇంట్లో నవ్వులాట కాదు. ఎవరో వెళ్ళి అమ్మకి చెప్పేశారు. నాన్న అరటిపళ్ళ సంచితో వీధి మలుపు తిరిగేసరికి అరుగు నిండా జనం, లోపల గోడకి చేరగిలబడి అమ్మ. నాన్న గుమ్మంలో నిలబడితే అమ్మ చాలాసేపు ఆయన్నలా చూసి, లేచి, "అన్నం చల్లారిపోయింది, వేడిచేస్తాను" అందట. అంత పని చేశాను నేను, ఒక వీడియో అందం కోసం.

నాన్న ఫోను చేశారు. "ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదు నాన్నా" అని ఉన్నదంతా చెప్పాను. తిట్లు వస్తాయని ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను.

"ఆ పిల్లకెన్నేళ్ళు?"

"తొమ్మిది."

"ఎప్పటిలోగా కావాలి?"

"నెలాఖరులోగా."

ఫోను పెట్టేశారు. అటు తిరిగి అరుగు మీదున్న జనంతో అన్నారట. "బతికున్న పురోహితుడికి శాంతి పలికారు. దీనికి ప్రాయశ్చిత్తం ఉంది. ఒక్కొక్కరూ శక్తికొద్దీ ఆ పిల్లల ఫ్రీజరుకి దానం చేయాలి." రేవు నుంచి హడావిడిగా అప్పుడే దిగిన వార్తలబాబాయి, "అది ఏ శాస్త్రంలో ఉంది అన్నయ్యా?" అన్నాడట. "ఆ పుస్తకం నేను నిజంగా పోయాక నీకే రాసిస్తాను. ముందు నువ్వు తియ్యి" అన్నారట నాన్న. ఊరు మొత్తం తీసింది. పరామర్శకని దారిలో ఉన్న బంధువులు కూడా ఎలాగూ బయల్దేరాం కదా అని వచ్చి మరీ ఇచ్చి వెళ్ళారు.

గడువుకి మూడు రోజులుందనగా ఆ డబ్బు ఉత్తరీయంలో మూటకట్టుకుని నాన్న బస్సులో వచ్చారు. నా గుండుని అరచేత్తో ఒకసారి తడిమి ఊరుకున్నారు. కలెక్టరమ్మ మాత్రం విచారణ మొదలుపెట్టింది.

"మీరేనా చచ్చిపోయింది?"

"నేనేనమ్మా."

"మరెలా వచ్చేశారు?"

"ఇంకా పనుందని పంపించేశారు."

"నాక్కూడా ఉంది పని" అంది.

నాన్న తలతిప్పుకుని కిటికీలోంచి గోదారిని చూస్తూ ఉండిపోయారు. ఫ్రీజరు వచ్చాక అందులోకి వెళ్ళిన మొదటి రక్తం కలెక్టరమ్మదే. "దీంతో నాకు తగ్గుతుందా?" అనడిగితే డాక్టరమ్మగారు అలవాటు చొప్పున నిజమే చెప్పారు. "నీకు కాదమ్మా, నీ తర్వాత వచ్చేవాళ్ళకి." సరే తీసుకోండని చెయ్యి చాపింది. ఆ ఏడు వానలు వెళ్ళకముందే ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను అదే ఆసుపత్రిలో కాస్త పెద్ద కుర్చీలో ఉన్నాను. పోయిన వారం డాక్టరమ్మగారు పిలిచి, ఫ్రీజరు నిండిపోయింది, ఇంకోటి కావాలన్నారు. నిండిందంటే పరిశోధన సాగుతోందని సంతోషించాలో, ఇంతమంది పిల్లలా అని ఏడవాలో నాకు తెలియలేదు. ఇప్పుడు గీయించడానికి నా నెత్తిన మిగిలిందేమీ లేదు, ఉన్న నాలుగింటికి ఎవరూ పైసా ఇవ్వరు. ఏం తోచక నాన్నకి ఫోను చేశాను. డెబ్బై దాటాయి, మాట కాస్త తడబడుతోంది. సంగతి చెప్పాను.

"పెట్టెయ్యరా గ్రూపులో, నేను పోయానని" అన్నారు. "మీ అమ్మకి మాత్రం ముందే చెప్పి ఉంచుతాను."